సూపర్‌స్టార్‌గారి తోడల్లుడు

మొన్న శుక్రవారం సాయంత్రం మా అమ్మాయి ఆఫీసు నుంచి వస్తూనే, కాళ్ళకున్న బూట్లైనా విప్పకుండా, ఫోను తెచ్చి నా ముక్కుకి ఆనించి, వాళ్ళ మేనేజరు తనని అందరి ముందూ 'వెపన్' అని మెచ్చుకున్నాడని చూపించింది. ఉద్యోగంలో చేరి ఇంకా కుర్చీ వేడెక్కలేదు, అప్పుడే పిల్ల ఆయుధమైపోయింది. కత్తా, గండ్రగొడ్డలా, ఫిరంగా అన్న సంగతి ఆ మేనేజరు తేల్చి చెప్పలేదు. మా ఆవిడ పొంగిపోయి రవ్వకేసరి కలపడానికి లేచింది. నేను మాత్రం, జీతమేమైనా పెంచాడా, ఉద్యోగం పర్మనెంటు చేశాడా, పోనీ కిటికీ పక్కన సీటైనా ఇచ్చాడా అని అడిగాను. "డాడ్, ఇట్స్ ఎ కాంప్లిమెంట్. జస్ట్ చిల్!" అంది అమ్మాయి. తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. ఇక్కడ, సిడ్నీలో పుట్టిన పిల్లలందరికీ ఉన్న జబ్బే అది.

నేను చిల్ కాలేదు. కాబోను కూడా. ఇంగ్లీషువాళ్ళు మొనగాణ్ణి పిలవడానికి పెట్టుకున్న మాటలున్నాయే, ఛాంపియన్, స్టార్, ఏస్, విజ్, గన్, లెజెండ్, వీటితో నాకున్నది మామూలు చిరాకు కాదు, వంశపారంపర్యంగా అప్పగించదగ్గ పగ. మనిషి రూపంలో ఎదురుపడితే ఒక్కొక్కదాన్నీ టూంగాబీ స్టేషను మెట్ల మీది నుంచి దొర్లించేవాణ్ణి. పెట్రోలు బంకులో కారు అడుగు వెనక్కి తీసినందుకు ఒక కుర్రాడు నన్ను లెజెండ్ అన్నాడు. కూరగాయల కొట్లో ఇంటి నుంచి సంచి తెచ్చుకున్నందుకు ఒక పిల్ల సూపర్‌స్టార్ అంది. పళ్ళ డాక్టరు, నోరు తెరిచినందుకు ఛాంపియన్ అన్నాడు. నోరు తెరవడం నేను పుట్టిన క్షణం నుంచీ చేస్తున్న పనే, అందులో ఛాంపియన్‌గిరీ ఏముందో ఆయన దగ్గరున్న యంత్రాలన్నిటితో వెతికినా దొరకదు.

ఈ పగ ఎక్కడ పుట్టిందో చెబితే నా ఈడువాళ్ళకి, అంటే వైటూకే పుణ్యమా అని మొదటిసారి విమానం ఎక్కి, అందులో ఇచ్చిన దుప్పటి మనదేననుకుని మడతపెట్టి బ్యాగులో పెట్టుకున్న తరానికి, వెంటనే అర్థమవుతుంది. తక్కినవాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. అప్పట్లో కంప్యూటర్లు సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే దాచుకునేవి. రెండువేలు రాగానే అవన్నీ పంతొమ్మిది వందలనుకుని మతి తప్పుతాయనీ, విమానాలు కాకుల్లా రాలిపోతాయనీ, బ్యాంకులు మన డబ్బుని మన తాతల పేరున రాసేస్తాయనీ లోకమంతా గగ్గోలెత్తింది. ఆ రెండంకెల పక్కన మరో రెండంకెలు చేర్చడానికి మనుషులు కావలసివచ్చారు. ఎంతమంది కావలసివచ్చారంటే, పాలకొల్లు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పుకుంటూ, మందారపువ్వుని నిలువుగా కోసి చూపించడమే జీవితాశయంగా బతుకుతున్న నేను కూడా కావలసివచ్చాను. అమీర్‌పేటలో ఒక మేడ మీద, ఫ్యాను తిరగని గదిలో కోబాల్ అనే కంప్యూటరు భాష నేర్చుకున్నాను. చెమటకి నోట్సు తడిసి, సగం కోబాల్ నా చొక్కాకే అంటుకుంది.

మా తోడల్లుడు నాలా కాదు. మా ఆవిడ అక్కని చేసుకున్నవాడు, నాకంటే పెద్దవాడు, పైగా నిఖార్సైన ఇంజనీరు. ఈ నిఖార్సైన అన్న మాట నాది కాదు, ఆయనదే. పెళ్ళిలో, పేరంటంలో, చివరికి ఒకసారి మామగారికి ఆపరేషను జరుగుతున్న ఆసుపత్రి వరండాలో కూడా, పరిచయం లేనివాళ్ళకి ఆయన తనని ఇంజనీరనీ, నన్ను "మా తమ్ముడు, మొక్కల మేష్టారు" అనీ పరిచయం చేసేవాడు. నేను ఆయన్ని అన్నగారూ అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్ముడూ అనేవాడు, మా ఇద్దరి మధ్యా ఉన్న ప్రేమకి పాము, ముంగిస కూడా సిగ్గుపడి పక్కకి తప్పుకునేవి.

ఒకే కంపెనీవాడు మా ఇద్దరినీ ఒకే విమానంలో సిడ్నీ పంపాడు. కిటికీ సీటు పెద్దల్లుడి హక్కని ఆయనే కూర్చున్నాడు. సముద్రం కనిపించిందా అని అడిగితే, "నాకు కనిపిస్తోంది" అన్నాడు. టూంగాబీలో ఇద్దరం కలిసి ఒక ఇటుకల ఇల్లు అద్దెకు తీసుకుని, ఆడవాళ్ళని రప్పించుకున్నాం. ఇంటి ఓనరు ఫిజీ నుంచి వచ్చినాయన. ఆయన తాతలు చెరుకుతోటల్లో పనికి వెళ్ళిన తెలుగువాళ్ళట. ఆయనకి మిగిలిన తెలుగు మాటలు రెండే రెండు, అమ్మమ్మ, చారు. కానీ ఆ రెండు మాటల్నీ ఎంత తియ్యగా పలికేవాడంటే, మేము నలుగురం కలిసి పూర్తి తెలుగులో పోట్లాడుకుంటుంటే, ఆయన గోడ అవతల నిలబడి పరమానందంగా వినేవాడు. తెలుగు ఇంత బతికి ఉందా అని ఆయనకి ఆశ్చర్యం. ఇంత బతికి ఉందేమిటని మాకు.

మేము పనిచేసేది పారమట్టాలో ఒక ఇన్సూరెన్సు కంపెనీలో. మా మేనేజరు ఆరడుగుల పైన ఇంకో అడుగు అప్పు తెచ్చుకున్నట్టుండే మనిషి, ఎండకి కాలి ఎర్రగా మెరిసే మొహం, శుక్రవారమైతే నిక్కరు. ఆ ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. శుక్రవారం మధ్యాహ్నం, వాళ్ళ భాషలో ఆర్వో, వెనక కార్లు నిలిపే చోట బార్బీ, అంటే మాంసం కాల్చే పొయ్యి, వెలిగించి సాసేజీలు కాల్చేవారు. మేనేజరు చేతిలో పట్టకారు, నడుముకి ఏప్రన్. ఒక్కొక్కడి పళ్ళెంలో ఒక సాసేజీ వేస్తూ, దానితోపాటు ఒక బిరుదు కూడా వేసేవాడు. ఆ వారం చేసిన పనిని బట్టి ఒకణ్ణి గన్ అనేవాడు, ఒకణ్ణి ఏస్ అనేవాడు, ఒకామెని లెజెండ్ అనేవాడు. మాకు సాసేజీ బదులు ఉల్లిపాయ ముక్కలూ రొట్టే పడేవి గానీ, బిరుదుకి శాకాహారం మాంసాహారం తేడా లేదు. అక్కడివాళ్ళు ఆ మాటని టొమాటో సాసుతోపాటే తుడిచేసుకుని వెళ్ళిపోయేవారు. మేమిద్దరం మాత్రం దాన్ని పొట్లం కట్టుకుని టూంగాబీ తెచ్చేవాళ్ళం.

ఎందుకంటే మనం బిరుదుల జాతివాళ్ళం. మన ఊళ్ళో మృదంగం వాయించేవాడికి బిరుదు, హరికథ చెప్పేవాడికి బిరుదు, ఊరికే ముందు వరసలో కూర్చుని తల ఊపేవాడికి కూడా రసజ్ఞశేఖర అని ఒక బిరుదు. ఒకసారి ఇస్తే అది పెళ్ళిపత్రికల్లోకీ, ఇంటి గేటు మీది పలక మీదికీ ఎక్కి, మనిషి పోయాక కూడా ఫోటో కింద నిలబడుతుంది. అలాంటి చోటి నుంచి వచ్చినవాళ్ళకి వారం వారం బిరుదులు చేతికిస్తే ఏమవుతారు? మా తోడల్లుడు ఏకంగా ఒక శాస్త్రమే కట్టాడు. స్టార్ కింది మెట్టు, ఏస్ దాని పైది, ఛాంపియన్ ఇంకా పైది, గన్ అంటే గుంపులో ఒక్కడికే, లెజెండ్ సీనియర్లకి, అన్నిటికీ శిఖరం సూపర్‌స్టార్. టెన్నిసు వ్యాఖ్యానం, క్రికెట్టు వ్యాఖ్యానం, ఆఫీసు మాటలు, మూడూ తూచి ఈ నిర్ణయానికి వచ్చానని చెప్పేవాడు. ఆ శాస్త్రం ప్రకారం ఆయన ఎప్పుడూ పై మెట్ల మీదే ఉండటం కేవలం యాదృచ్ఛికమట.

శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర ఫలితాల ప్రకటన. "ఏమోయ్, ఈ వారం గన్" అని ఆయన కంచం ముందు కూర్చునేవాడు. వెంటనే మా వదినగారు ఫోను కార్డు గీకి విజయవాడకి ఫోను చేసి, "అమ్మా, ఆయన్ని ఈ వారం గన్ అన్నారే" అని చెప్పేది. అటు నుంచి మామగారు ఫోను లాక్కుని, "చిన్నల్లుడికి ఏమన్నా వచ్చిందా?" అని అడిగేవారు. ఆ ప్రశ్న టూంగాబీలో ఉన్న గోడలన్నిటికీ వినిపించేది. చిన్నల్లుడికి వచ్చింది అప్పుడప్పుడూ ఒక 'నాట్ బ్యాడ్', ఒకసారి 'ఛాంప్'. ఆ ఛాంప్‌ని నేను రెండు వారాలు దాచుకుని తిన్నాను. మూడోవారం మేనేజరు తన కుక్కని బార్బీకి తెచ్చి, బంతి నోట కరుచుకొచ్చినప్పుడల్లా దాని తల నిమిరి "గుడ్ ఆన్ యా, ఛాంప్" అన్నాడు.  మా తోడల్లుడు ఆ కుక్క వైపు చూసి, నా వైపు చూసి, రొట్టె కొరికాడంతే. ఆ కొరుకుడు శబ్దం ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఇక సూపర్‌స్టార్ వచ్చిన వారం సంగతి చెప్పనక్కరలేదు. ఎవరో పాతకాలంలో రాసి వదిలేసిన ప్రీమియం లెక్కల ప్రోగ్రాము ఒకటి ఎవరికీ లొంగకుండా కూర్చుంటే, మా తోడల్లుడు దాన్ని లొంగదీశాడు. మేనేజరు పట్టకారు పైకెత్తి, "దిస్ బ్లోక్ ఈజ్ ఎ సూపర్‌స్టార్!" అని పార్కింగంతా దద్దరిల్లేలా అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో వేణ్ణీళ్ళ స్నానం మొదట ఆయనది, కందిపచ్చడి ఆయన కోసం, టీవీ రిమోటు ఆయన చేతిలో. ఇండియా వస్తువుల కొట్టుకి వెళ్తే నన్ను "సూపర్‌స్టార్‌గారి తోడల్లుడు" అని పలకరించేవారు. ఈ వార్త కొట్టుదాకా ఎలా వెళ్ళిందో నేను వేరే చెప్పాలా?

రెండువేల సంవత్సరం వచ్చింది. విమానాలు రాలలేదు. బ్యాంకులు పిచ్చెత్తలేదు. లోకం మునుగుతుందని నమ్మి మంచినీళ్ళ సీసాలు కొనుక్కున్నవాళ్ళంతా, మునగనందుకు మమ్మల్నే కోపంగా చూడటం మొదలుపెట్టారు. మేము పని బాగా చేయడం వల్ల ఏమీ జరగలేదు, ఏమీ జరగకపోవడం వల్ల మేము చేసిన పని ఏమీ లేదని తేలింది. జనవరిలో ఒక ఉదయం మేనేజరు మమ్మల్నిద్దరినీ పిలిచి చెప్పాడు. ప్రాజెక్టు ముగిసింది, కొత్త పన్ను ఒకటి రాబోతోంది కనక దాని పనికి ఇద్దరిలో ఒక్కణ్ణే ఉంచుకోగలం, రెండోవాడు నెలాఖరుకి వెళ్ళాలి. ఎవరన్నది ఇంకా నిర్ణయించలేదు. ఉద్యోగం లేకపోతే వీసా లేదు, వీసా లేకపోతే సామాను సర్దుకోవడమే.

అప్పటికి మా ఆవిడ కడుపుతో ఉంది. తల్లి రాలేని స్థితిలో ఉంది కనక పురిటికి అక్క ఉందిలే అన్న ధైర్యం మీదే రోజులు వెళ్ళదీస్తోంది. ఇద్దరిలో ఎవరు వెళ్ళినా అక్కాచెల్లెళ్ళు విడిపోతారు. ఆ రోజు సాయంత్రం ఈ వార్త చెప్పగానే ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఏడుపు వినిపిస్తుందని ఎదురుచూశాను. బియ్యం ఏరుతున్న చప్పుడు వినిపించింది. ఈ దేశంలో బియ్యంలో రాళ్ళుండవు.

మర్నాటి నుంచి యుద్ధం. ఒకే రైల్లో వెళ్తూ వేరువేరు పెట్టెల్లో ఎక్కేవాళ్ళం. ఆయన మేనేజరుకి గుత్తివంకాయ కూర తీసుకెళ్ళాడు. నేను పూతరేకులు తీసుకెళ్ళాను. అది కాగితమనుకుని ఆ మహానుభావుడు పైపొర వలిచి పారేయబోయాడు. ఆయన మేనేజరు కారు తుడిచాడని నేను అనను, కానీ కారు దగ్గర రుమాలుతో నిలబడి ఉండగా నేను చూశాను. నేను మేనేజరు కుక్కకి నమస్కారం పెట్టానని ఆయన తరవాత్తరవాత ప్రచారం చేశాడు. అది పచ్చి అబద్ధం. అది నా చెయ్యి నాకేస్తే తుడుచుకుంటున్నానంతే.

అలా ఉండగా నాకొక దివ్యమైన ఆలోచన వచ్చింది. మన ఊళ్ళో కదలని ఫైలేదైనా కదిలించే మంత్రం ఏమిటి? సన్మానం. పాలకొల్లు గ్రంథాలయ వార్షికోత్సవాలకి ఎన్ని సన్మానపత్రాలు రాశాను నేను! నీళ్ళ ఇంజనీరుకి భగీరథుడని రాస్తే మర్నాడే మా వీధి కుళాయికి నీళ్ళొచ్చాయి. ఏడాదిపాటు అందరికీ బిరుదులు పంచిన మనిషికి ఒక్కరైనా తిరిగి ఒక్క బిరుదు ఇచ్చారా? ఇవ్వలేదు. ఆ లోటు తీర్చేవాణ్ణి ఏ మనిషైనా వదులుకుంటాడా? శుక్రవారం బార్బీలో ఆయనకి కండువా కప్పి, దండ వేసి, ఇంగ్లీషులో సన్మానపత్రం చదవాలి. ఇది మా ఆవిడకి మాత్రమే చెప్పాను. అంటే మా వదినగారికి చెప్పినట్టే. అంటే మా తోడల్లుడికి చెప్పినట్టే.

ఆయన రంగంలోకి దిగాడు. "సన్మానమంటే ఇంటికి పెద్దవాడు చేయాలి తమ్ముడూ."

"ఆలోచన నాది అన్నగారూ. పత్రం రాసిందీ నేనే, చదివేదీ నేనే."

"రాయడందేముంది, గుమాస్తా రాస్తాడు. చదవడానికి గొంతు ఉండాలి. నీ గొంతు వింటే ఆయన పట్టకారు పారేసి రోడ్డు మీద పడతాడు."

"కండువా మాత్రం నాదే."

"కండువా మామగారిది. నాకూ పెట్టారు పెళ్ళిలో. కాకపోతే నాది అంచు పెద్దది."

చివరికి అక్కాచెల్లెళ్ళు మధ్యవర్తిత్వం చేశారు. ఆయన చదువుతాడు, నేను కప్పుతాను, కండువా పెద్ద అంచుది. నేను రాసినదాన్ని ఆయన నోట్లో పెట్టడం నాకు ప్రాణాలు తీసి బల్ల మీద పెట్టినట్టుంది. అయినా ఒప్పుకున్నాను. ఓనరు పెరట్లో దేవగన్నేరు పూలు కోసి అక్కాచెల్లెళ్ళిద్దరూ దండ గుచ్చారు. మాట్లాడుకోకుండానే, ఒకే దారానికి ఆ కొసనొకరు ఈ కొసనొకరు. పళ్ళెంలో మామిడిపళ్ళు పెట్టాం, జనవరిలో ఇక్కడ మామిడిపళ్ళ కాలం కదా. వదినగారు తన పెళ్ళిఫోటో చట్రంలోంచి ఫోటో తీసేసి పత్రాన్ని అందులో బిగించింది. అదే నిజమైన త్యాగం, ఎందుకంటే ఆ ఫోటోలో మా తోడల్లుడికి జుట్టుంది.

ఆ శుక్రవారం ఎండ నిప్పులు చెరుగుతోంది. బార్బీ దగ్గర మా మేనేజరు తానే సగం కాలినట్టున్నాడు. అందరూ సీసాలు పట్టుకుని నిలబడ్డారు. నేను వెళ్ళి ఆయన మెళ్ళో దండ వేశాను. ఆయన నవ్వాడు. పట్టుకండువా కప్పాను. ఇంకా నవ్వాడు, ఎవరో తమాషా పట్టిస్తున్నారని. మా తోడల్లుడు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మన సన్మానపత్రాల్లో ప్రతి పేరాకీ ముందు ఒక సంబోధన ఉంటుంది కదా, విద్వన్మణీ, కార్యదక్షా అని. నేనూ అలాగే రాశాను. ఓ ఛాంపియన్! ఓ ఏస్ ఆఫ్ ఏసెస్! ఓ గన్ ఆఫ్ పారమట్టా! ఓ లివింగ్ లెజెండ్! ఒక్కొక్క దాని కిందా ఆయన సహనం, ఆయన వాత్సల్యం, సాసేజీలు సమానంగా కాల్చే ఆయన సమదృష్టి, అన్నీ వర్ణించాను. నిజం చెప్పాలంటే నేను రాసినవాటిలో అంత గొప్పది మళ్ళీ రాయలేదు.

రెండో పేరాకి ఆయన నవ్వు ఆగింది. తమాషా ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాడు. రాలేదు, ఎందుకంటే అందులో తమాషా లేదు. మూడో పేరాకి సీసాలు గాల్లోనే ఆగిపోయాయి. ఈ దేశంలో మొనగాణ్ణి మొనగాడనడానికి ఒక పద్ధతుంది. పొగడగానే పక్కనే ఒక తిట్టు తగిలించి, వీపు మీద ఒకటి చరచాలి. అప్పుడే పుచ్చుకున్నవాడు తలెత్తుకోగలడు. తిట్టు లేని పొగడ్త, అదీ రెండు పేజీలు, అదీ తోటివాళ్ళ ముందు, అదీ కండువా కప్పి! నడివీధిలో మనిషి బట్టలు ఊడదీయడానికీ దానికీ వాళ్ళకి పెద్ద తేడా లేదు. మేము కప్పుతున్నామనుకున్నాం. ఊడదీస్తున్నాం.

"బౌ డౌన్, ఫెల్లాస్!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. ఇంకొకడు సీసా నెత్తిన పెట్టుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "హిజ్ లెజెండ్‌షిప్!" అని ఇంకొకడు. మేనేజరు మొహం ఎరుపు దాటి ఊదారంగులోకి వెళ్ళింది. సాసేజీ తిప్పుదామని ఆయన వంగితే పెద్ద అంచు కాస్తా పెనం మీద పడి చుర్రుమంది. పొగ లేచింది. మా మామగారు ధర్మవరంలో ఏరి కొన్న జరీ, పారమట్టా కార్ల మధ్య, సాసేజీ కొవ్వులో వేగుతుంటే, మా తోడల్లుడు పత్రం ఆపలేదు. "ఓ సూపర్‌స్టార్ ఆఫ్ సూపర్‌స్టార్స్" అని ఆఖరి పేరా పూర్తిగా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివి, చట్రం చేతికిచ్చి, నమస్కారం పెట్టాడు. నిఖార్సైన ఇంజనీరు మరి, ఏనుగు తొక్కినా చదువుతాడు.

మేనేజరు కండువా విప్పి, మర్యాదగా మడిచి నా చేతికిచ్చాడు. "థాంక్స్, ఫెల్లాస్" అన్నాడు. లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తరవాత చాలా రోజులు ఆయన నడుస్తుంటే దారి పొడవునా ఎవడో ఒకడు వంగి దండం పెట్టేవాడు. ఆయన శుక్రవారాలు సాసేజీ కాల్చేవాడు, పళ్ళెంలో వేసేవాడు, పేరు పెట్టి పిలిచేవాడు, అంతే. బిరుదులు ఆగిపోయాయి. ఒక ఆఫీసు మొత్తానికి ఛాంపియన్లు లేకుండా చేసిన ఘనత మా ఇద్దరిదీ.  ఇద్దరం మునిగాం, ఇక ఎవరు ముందు మునుగుతారన్నదే మిగిలిందనుకున్నాం.

నెలాఖరున మేనేజరు మమ్మల్నిద్దరినీ చిన్న గదిలోకి పిలిచాడు.  మా తోడల్లుడి వైపు తిరిగి, "లుక్, యూ ఆర్ ఎ సూపర్‌స్టార్, మేట్. యూ'ల్ బీ రైట్ ఎనీవేర్" అన్నాడు. సన్మానం తరవాత ఆ నోటి నుంచి వచ్చిన మొట్టమొదటి బిరుదు అది. నువ్వు ఎక్కడికి వెళ్ళినా బతుకుతావు, కనక వెళ్ళు. నా వైపు తిరిగి, మీ ఇంట్లో బేబీ రాబోతోంది కదా అన్నాడు. "యూ'ల్ డూ" అన్నాడు. నువ్వు సరిపోతావులే అని. నా ఆస్ట్రేలియా జీవితం మొత్తం నిలబడి ఉన్న పునాది ఆ మాటే. దాన్ని ఏ ఫోటో కింద రాయించుకోను?

ఆయన జాలిపడ్డాడా, కసి తీర్చుకున్నాడా, పత్రం చదివిన గొంతుని జీవితంలో మళ్ళీ వినకూడదనుకున్నాడా, నేను ఎన్నడూ తేల్చుకోలేకపోయాను. పత్రం రాసింది నేనని అప్పుడే చెప్పబోయాను. మా తోడల్లుడు బల్ల కింద నా పాదం మీద తన బూటు వేసి గట్టిగా తొక్కాడు. లేచి మేనేజరుకి షేక్‌హ్యాండ్ ఇచ్చి థాంక్యూ చెప్పాడు. ఇంజనీరులాగే చెప్పాడు.

ఆ సాయంత్రం చాలా రోజుల తరవాత ఇద్దరం ఒకే పెట్టెలో ఎక్కాం. కిటికీ సీటు ఆయన నాకు ఇవ్వలేదు.  రెండు స్టేషన్లు దాటాక కిటికీలోంచే చూస్తూ, "విన్నావుగా, సూపర్‌స్టార్ అన్నాడు" అన్నాడు.

"విన్నాను అన్నగారూ."

"బిరుదులు ఆపేసిన మనిషి. ఆఖరిది కూడా నాకే ఇచ్చాడు. నీకివ్వలేదు."

మీరు నమ్మండి నమ్మకపోండి, ఉద్యోగం మిగిలినవాణ్ణి నేను, వీసా నాది, ఇల్లు నాది, పుట్టబోయే బిడ్డకి దేశం నాది, అయినా ఆ రైల్లో కడుపు మండిపోయినవాణ్ణీ నేనే. ఎదురుగా ఉన్న మనిషి ఉన్నదంతా పోగొట్టుకుని, ఒక్క మాట పట్టుకుని నన్ను గెలిచేశాడు. టూంగాబీలో దిగి నడుస్తుంటే, నా భుజం మీద చెయ్యి వేస్తాడేమోనని భయపడ్డాను. వెయ్యలేదు. ఆ మర్యాద కాపాడాడు.

విమానాశ్రయంలో అక్కాచెల్లెళ్ళు ఒకరి చెయ్యి ఒకరు ఎలా పట్టుకున్నారంటే, వాళ్ళని విడదీయడానికి ఎయిర్‌లైన్సు అమ్మాయి వచ్చి మైకులో కాకుండా చెవిలో చెప్పాల్సివచ్చింది. పురుడు ఆసుపత్రివాళ్ళే పోశారు. బిడ్డని తీసుకుని ఇంటికి వచ్చిన రోజు మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, కడగడానికి తీసిన బియ్యం ముందేసుకుని చాలాసేపు ఏరుతూ కూర్చుంది.

ఆయన విజయవాడలో కంప్యూటరు సంస్థ పెట్టాడు, బాగుపడ్డాడు, చాలామంది కుర్రాళ్ళని విమానాలెక్కించాడు. మొదట్లో కొన్నేళ్ళు ఫోను చేసినప్పుడల్లా, నన్నింకా ఛాంప్ అంటున్నారా, కుక్క బాగుందా అని అడిగేవాడు. నేను మూడు రోజులు అన్నం సహించక, నాలుగోరోజు ఎదురు ఫోను చేసి, జుట్టు మొలిచిందా అని అడిగేవాణ్ణి. ఎంత కార్డు ఉంటే అంత గీకి తిట్టుకునేవాళ్ళం. ఇప్పుడు ఫోను ఉచితం. బొమ్మ కూడా కనిపిస్తుంది. పండక్కి పండక్కి చేసి, బీపీ ఎంత, షుగరెంత, మోకాళ్ళెలా ఉన్నాయని అడిగి పెట్టేస్తాం.

పోయినేడాది మా ఆఫీసువాళ్ళు నాకొక మెరిసే పలకిచ్చారు, లెజెండ్ అవార్డని. ఏడాదికోసారి ఎవరో ఒకరికి ఇవ్వాలి, నా వంతు వచ్చింది. చప్పట్లు కొట్టినవాళ్ళెవరూ ఫోన్లోంచి తల ఎత్తలేదు. ఇంటికొచ్చి, బట్టలైనా మార్చుకోకుండా విజయవాడకి ఫోను కలిపి, పలకని కెమెరాకి దగ్గరగా, ఆయన కళ్ళలో పొడిచినట్టుగా పట్టుకున్నాను.

"చాలా సంతోషం తమ్ముడూ" అన్నాడు.

పలకని కెమెరాకి ఇంకా దగ్గరికి జరిపాను. ఇంకేదో వస్తుందని. రాలేదు. నిజంగానే సంతోషించాడు, మొహమంతా వెతికాను, ఎక్కడా ఒక్క గీత కూడా వంకరపోలేదు.

"గాజు కాదు అన్నగారూ, స్ఫటికం" అన్నాను.

"మంచిది. జాగ్రత్తగా పెట్టుకో. పగిలితే చెయ్యి తెగుతుంది" అన్నాడు.

ఫోను పెట్టేశాక ఆ పలకని ఎక్కడ పెట్టాలో తోచక ఇల్లంతా తిరిగాను. ఈ దేశం ఇప్పుడు అడిగినవాడికీ అడగనివాడికీ బిరుదులు కుమ్మరిస్తోంది, నేనూ ఓ గంపెడు మోసుకొచ్చాను. నేను గెలిస్తే ఏడ్చే మనిషి మాత్రం ఒకే ఒక్కడుండేవాడు, వాడు కూడా మంచివాడైపోయాడు.